మేడ మీద గ్రీకులు

మాకు దొరికిన ఇంగ్లిషు వ్యాసానికి మొదటి పుట లేదు. రెండో పుట పైభాగంలో థేలీస్ అనే గ్రీకు తత్త్వవేత్త నక్షత్రాలు చూస్తూ నడిచి నూతిలో పడుతుండగా మా చదువు మొదలైంది. అది చూసిన పనిపిల్ల నవ్వి, కాళ్ళ ముందున్నది కనిపించనివాడికి ఆకాశంలో సంగతులెందుకని అడుగుతుంది. ఆ వ్యాసం ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. గుంటూరులో ఒక పాత పుస్తకాల దుకాణంలో, అట్ట ఊడిపోయి కుట్టు దారాలు వేలాడుతున్న వ్యాస సంకలనం తూకం కాగితాల ధరకే ఇచ్చారు. అందులో పదకొండు పుటలు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తల మీద.

1993 నాటి సంగతి. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు ఎం.ఏ. పూర్తిచేసి, లెక్చరర్ పోస్టుల ప్రకటనల కోసం పేపర్లు తిరగేస్తూ కూర్చున్న రోజులు. బ్రాడీపేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని సాయంత్రాలు ఇంగ్లిషు చెప్పేవాణ్ణి. పైకప్పు రేకులది. పగలంతా కాగిన వేడి ఏడు గంటలకు కూడా దిగేది కాదు. గాలి ఎటు వీచినా మిర్చి ఘాటు ఎక్కడో ఒక మూల ఉండేది, గుంటూరు వాళ్ళకు అది తెలియదు, బయటి ఊళ్ళ వాళ్ళు తుమ్మితేనే గుర్తొస్తుంది.

నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఒకరికీ ఇంకొకరికీ పోలిక లేదు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా ఒకాయన. ఉత్తరాది వ్యాపారులు ఫోను చేస్తే తడబడకుండా జవాబు చెప్పాలని ఆయన కోరిక. పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సు ఒకావిడ, అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. మస్కట్ వెళ్ళడానికి పాస్‌పోర్టు తీసుకుని ఏజెంటు చుట్టూ తిరుగుతున్న తాపీ మేస్త్రి ఒకడు, ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. బ్యాంకు పరీక్షలు రాసే కుర్రాళ్ళు నలుగురైదుగురు, వస్తూ పోతూ ఉండేవాళ్ళు. వీళ్ళందరికీ పెద్ద దిక్కుగా, హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన ఒక మాస్టారు. ‘ముప్పై ఏళ్ళు స్టాఫ్ రూములో ఇంగ్లిషు మాస్టర్లు కాలు మీద కాలేసుకుని ఏం చదువుకుంటున్నారో చూద్దామని వచ్చాను’ అని మొదటి రోజే చెప్పారు.

అసలు ఈ వ్యాసం పాఠమైంది ఆ మాస్టారి వల్లనే. అంతవరకూ అందరు చెప్పినట్టే నేనూ రైల్వే స్టేషన్‌లో సంభాషణ, బ్యాంకులో సంభాషణ, డాక్టరు గారితో సంభాషణ చెబుతుండేవాణ్ణి. ఒక సాయంత్రం మాస్టారు పుస్తకం మూసి, ‘నాయనా, ఈ రైలు ఎన్ని గంటలకొస్తుందో నాకు అక్కర్లేదు. మనిషి చదవదగింది ఏదైనా ఉంటే తీయి’ అన్నారు. చేతిలో ఉన్నది ఈ అట్టలేని పుస్తకమే. గ్రీకుల పుటలు సైక్లోస్టైల్ తీయించాను. సిరా అచ్చు పలుచగా పడినచోట పెన్నుతో దిద్దాం. ఆ మనుషులకు ఆ పాఠం పెట్టినందుకు అప్పట్లో స్నేహితులు నవ్వారు. స్పోకెన్ ఇంగ్లిష్ అని బోర్డు పెట్టి ప్లేటోను చెబుతావా అని.

వాళ్ళ ఇంగ్లిషు నెమ్మది కాబట్టే ఆ చదువు కుదిరింది. నేను ఎం.ఏ.లో అంతకన్నా కష్టమైన పుస్తకాలు రాత్రికి రాత్రి చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయాను. ఇక్కడ ఒక సాయంత్రానికి ఒక పేరా సాగితే గొప్ప. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ, ఈ ‘అతను’ ఎవరిని పట్టుకుని అన్నది అని వెతుక్కుంటూ పోతే వాక్యంలో ఉన్న వాదన ఎటూ తప్పించుకోలేకపోయేది. అర్థమైనట్టు తలాడించి ముందుకు పోయే తెలివి వాళ్ళలో ఎవరికీ లేదు. అది నాకు ఉండేది.

థేలీస్ దగ్గరే మొదటి గొడవ వచ్చింది. నూతిలో పడ్డ కథ పక్కనే ఇంకొక కథ ఉంది, దాన్ని చెప్పింది అరిస్టాటిల్. తత్త్వం నీకు కూడు పెట్టదని జనం ఎగతాళి చేస్తుంటే, థేలీస్ నక్షత్రాల గమనం చూసి ఆ ఏడు ఆలివ్ పంట విరగకాస్తుందని శీతాకాలంలోనే పసిగట్టాడట. తన ఊరు మిలేటస్‌లోనూ కియోస్ ద్వీపంలోనూ ఉన్న నూనె గానుగలన్నిటికీ అప్పుడే కొద్దికొద్దిగా బయానా ఇచ్చి పెట్టుకున్నాడు. పోటీ లేదు కాబట్టి చవగ్గా దొరికాయి. పంట చేతికొచ్చి అందరూ ఒక్కసారి గానుగల కోసం ఎగబడేసరికి తాను చెప్పిందే అద్దె. తత్త్వవేత్తలు తలచుకుంటే డబ్బు సంపాదించగలరు, కాకపోతే వాళ్ళ ధ్యాస దాని మీద ఉండదు అని చూపించడానికి చేశాడని కథ.

మిగతావాళ్ళు మెచ్చుకున్నారు. గుమాస్తా మెచ్చుకోలేదు. ‘సరుకు దిగకముందే ఊళ్ళో కోల్డ్ స్టోరేజీలన్నిటికీ అడ్వాన్సు కట్టి పెట్టుకోవడమే కదండీ ఇది. ఇలాంటి తత్త్వవేత్తలు మా యార్డులో చాలామంది ఉన్నారు’ అన్నాడు. అంతటితో ఆగలేదు. నక్షత్రాలు చూసి తెలుసుకున్నాడని రాసింది నమ్మాలా, గానుగలవాళ్ళను ముందే మాట్లాడుకున్నాడని అనుకోవాలా? ఒక ఏడు పంట బాగుంటుందని ఊహించి గెలిచినవాడి కథ మిగులుతుంది, ఊహించి మునిగినవాళ్ళ కథలు ఎవరు రాస్తారు? ఈ ప్రశ్నలన్నీ తెలుగులోనే వేశాడు. నేను ఇంగ్లిషులో వేయమన్నాను. చెమటలు తుడుచుకుంటూ, మధ్యలో మూడుసార్లు ఆగి, ఆ చివరి ప్రశ్న మొత్తం ఇంగ్లిషులో అడిగాడు. రైల్వే స్టేషన్ సంభాషణలో ఆయన నోట అంత పొడవు వాక్యం ఎప్పుడూ రాలేదు.

థేలీస్‌కు గ్రహణం వల్ల కూడా పేరొచ్చింది. లిడియన్లకూ మీడులకూ యుద్ధం జరుగుతుండగా పట్టపగలు చీకటి పడింది, దాన్ని ఆయన ముందే చెప్పాడు అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఖగోళ గణితం ప్రకారం అది క్రీ.పూ. 585 మే 28న పట్టిన సూర్యగ్రహణం అయి ఉంటుందని లెక్క. మాస్టారికి పంచాంగం తెలుసు కాబట్టి గ్రహణం చెప్పడం ఆయనకు వింతగా అనిపించలేదు. ప్రపంచమంతా నీటి నుంచే పుట్టిందని అనడం కూడా వింతగా అనిపించలేదు. ‘ఇదంతా మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు’ అనే మాట ఆయన నోట రావడం, ‘ప్రపంచంలో మొదట ఆలోచించింది గ్రీకులే’ అనే మాట వ్యాసంలో రావడం ఒకే రోజు జరిగాయి. రెండూ నాకు విసుగే. మనిషి ఆలోచించడం ఫలానా ఊళ్ళో ఫలానా తేదీన మొదలైందని చెప్పేవాళ్ళెవరైనా సరే, ఆ ఊరు తమదో, తమకు నచ్చినదో అయి ఉంటుంది.

అందుకని స్కూలు అట్లాసు తెచ్చి గోడకు ఆనించి పెట్టాను. మిలేటస్ ఇప్పుడు తుర్కియేలో ఉంది. ఒకే నదిలో రెండుసార్లు దిగలేమన్న హెరాక్లిటస్ ఊరు ఎఫెసస్ కూడా అక్కడే. పార్మెనిడీస్, జీనోల ఊరు ఎలియా ఇటలీలో. పైథాగరస్ సామోస్ ద్వీపంలో పుట్టినా బడి పెట్టింది ఇటలీ దక్షిణాన క్రోటన్‌లో. కుర్రాళ్ళు పెన్సిల్‌తో చుక్కలు పెడుతూ పోతే చుక్కలన్నీ సముద్రం ఒడ్డునే పడ్డాయి, ఏథెన్స్ చాలా ఆలస్యంగా వచ్చింది. ఓడలు ఆగే రేవుల్లో రకరకాల దేవుళ్ళూ, రకరకాల లెక్కలూ వచ్చి చేరతాయి, మా దేవుడు చెప్పాడు అంటే పక్కవాడు మా దేవుడు వేరేగా చెప్పాడంటాడు, అప్పుడు కారణం చూపించక తప్పదు. ఈ మాట వ్యాసంలో లేదు, అట్లాసు చూశాక మేమే అనుకున్నాం. మాస్టారు దీనికి మాత్రం ఒప్పుకున్నారు.

జీనో దగ్గర మాస్టారు నిజంగా మురిసిపోయారు. ఎగిరే బాణం ప్రతి క్షణంలోనూ తన పొడవుకు సరిపడా చోటులోనే ఉంటుంది, అలా ఒకచోట ఉన్నది నిశ్చలంగా ఉన్నట్టే, ప్రతి క్షణమూ నిశ్చలమైతే ఇక కదిలిందెప్పుడు అని జీనో వాదన. నేను నల్లబల్ల మీద బాణం గీసి తంటాలు పడుతుంటే మాస్టారు కళ్ళు మూసుకుని ఒక సంస్కృత శ్లోకం చదివారు. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడి మూలమధ్యమకకారికలో గమనాన్ని పరీక్షించే ప్రకరణం మొదటి శ్లోకం అది. నడిచేసిన దారిని ఇప్పుడు నడవడం లేదు, ఇంకా నడవని దారినీ నడవడం లేదు, ఈ రెండూ కాక నడుస్తున్న దారి అంటూ వేరే ఎక్కడుంది అని దాని సారం.

గది నిశ్శబ్దమైపోలేదు, పైగా పెద్ద గోల అయింది. నేను చదువుకున్న విశ్వవిద్యాలయం ఎవరి పేరు మీద ఉందో, శ్రీపర్వతమని పేరున్న నాగార్జునకొండ ఏ నాగార్జునుడిదని సంప్రదాయం చెబుతుందో, ఆ పెద్దమనిషి ఏమన్నాడో మాస్టారికి తప్ప మాలో ఎవరికీ తెలియదు. కొండ దగ్గరకు లాంచీలో పిక్నిక్కు వెళ్ళినవాళ్ళం మాత్రం అందరమూ. జీనో క్రీ.పూ. ఐదో శతాబ్దం వాడు, నాగార్జునుడు క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం ప్రాంతాల వాడు. అయితే ఇద్దరూ చెప్పింది ఒకటే అని కుర్రాళ్ళు తేల్చేయబోతే మాస్టారే ఆపారు. జీనోకు కావలసింది తన గురువు పార్మెనిడీస్ చెప్పిన మార్పులేని ఒకే సత్తును, అంటే ఉనికిని, కాపాడుకోవడం. నాగార్జునుడికి ఆ ఒకే సత్తు కూడా అక్కర్లేదు, ఏ వస్తువుకూ తనదంటూ స్వభావం లేదని చూపించడం కావాలి. ఒకే పారతో ఒకడు పునాది తవ్వుతాడు, ఇంకొకడు గోడ పడగొడతాడు అన్నట్టుగా వివరించారు మాస్టారు. ‘మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు’ అనే మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు. ఎప్పుడు, ఎందుకు చెప్పారో కూడా చెప్పవలసి వస్తోందని కాబోలు.

ఇంక సోక్రటీసు. పదకొండు పుటల్లో నాలుగు ఆయనవే. మాకు మాత్రం వానాకాలమంతా ఆయనతోనే గడిచింది.

బానిస కుర్రాడి కథ చదివిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మెనో అనే సంపన్నుడి వెంట వచ్చిన, చదువు రాని ఒక బానిస కుర్రాడిని పిలిచి సోక్రటీసు నేల మీద ఒక చదరం గీస్తాడు. ఒక్కో భుజం రెండడుగులు, వైశాల్యం నాలుగు. దీనికి రెట్టింపు వైశాల్యమున్న చదరం గీయాలంటే భుజం ఎంత ఉండాలి? కుర్రాడు తడుముకోకుండా నాలుగడుగులంటాడు. గీసి చూస్తే పదహారు వస్తుంది. పోనీ మూడడుగులంటాడు. తొమ్మిది వస్తుంది. ఇక నాకు తెలియదని చేతులెత్తేస్తాడు. అప్పుడు సోక్రటీసు ప్రశ్నలు వేస్తూ వేస్తూ మొదటి చదరానికి కోణం నుంచి కోణానికి గీసిన గీత దగ్గరకు తీసుకొస్తాడు. ఆ గీతను భుజంగా పెట్టి గీస్తే సరిగ్గా ఎనిమిది.

పాఠంలో ఆ జవాబు రాకముందే ఆపి, నేల మీద సుద్దముక్కతో చదరం గీసి, మీరు చెప్పండి అన్నాను. కుర్రాళ్ళు బానిస కుర్రాడిలాగే నాలుగు, మూడు అని, ఆ తర్వాత నోటుబుక్కుల్లో వర్గమూలాలు మొదలుపెట్టారు. గుమాస్తా రెండుంబావు, రెండున్నర, మధ్యలో అని బేరం ఆడాడు. మేస్త్రి లేచి నా చేతిలో సుద్దముక్క తీసుకున్నాడు. నేను గీసిన చదరం వంకరగా ఉందని ముందు దాన్ని చెరిపాడు. జేబులోంచి పురికొస తీసి మూడు, నాలుగు, ఐదు జానలు కొలిచి మూల సరిచేసుకుని మళ్ళీ గీశాడు. పక్కన అలాంటివే మూడు చదరాలు చేర్చి, ఒక్కో చదరానికి ఐమూలగా గీత లాగాడు. నాలుగు గీతలూ కలిసి మధ్యలో ఒక చదరం మూల మీద నిలబడ్డట్టు తేలింది. ‘నాపరాళ్ళు ఐమూలగా పరిచేటప్పుడు ఇదే కదండీ. ఒక్కో రాయిలో సగం లోపల, సగం బయట. నాలుగు సగాలు, రెండు రాళ్ళు’ అన్నాడు. అంతే. సిస్టర్ చప్పట్లు కొట్టింది.

అసలు రుచి తర్వాత వచ్చింది. ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదు, నేను అడిగానంతే, కాబట్టి ఆత్మ ఇదంతా పూర్వమే తెలుసుకుని ఉంది, ఇప్పుడు గుర్తు చేసుకుంటోంది అని సోక్రటీసు ముగింపు. ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని మేస్త్రి అడ్డంగా తలూపాడు. ‘నాకు ఏ జన్మలోదీ గుర్తు రాలేదు సార్. మా మేనమామ తాపీ తిరగేసి వేళ్ళ మీద కొడితే వచ్చింది’ అన్నాడు. ప్లేటో మీద వచ్చిన విమర్శలు ఆ తర్వాత చాలా చదివాను, దీనంత సూటిగా ఉన్నవి తక్కువ. మాస్టారు ప్లేటో పక్షం వహించి, మేనమామ కొట్టింది నీ వేళ్ళనే గానీ సగానికి సగం సమానమని ఒప్పుకున్నది నీలో ఎవరు అని అడిగారు. ఆ వాదన మెట్లు దిగి, వీధి చివర టీ కొట్టు దాకా నడిచింది. అక్కడ అది ఇంగ్లిషులో జరగలేదని వేరే చెప్పనక్కర్లేదు.

విచారణ దగ్గర గుమాస్తా మళ్ళీ ముందుకొచ్చాడు. క్రీ.పూ. 399లో డెబ్బై ఏళ్ళ సోక్రటీసును న్యాయస్థానానికి లాగింది ముగ్గురు, మెలెటస్, అనైటస్, లైకాన్. నగరం కొలిచే దేవుళ్ళను కొలవడం లేదనీ, కొత్త దైవాలను తెస్తున్నాడనీ, యువకులను చెడగొడుతున్నాడనీ ఆరోపణ. తీర్పు చెప్పేవాళ్ళు లాటరీలో ఎంపికైన మామూలు పౌరులు, ఐదువందల ఒక్కరు. ఇంకొక ముప్పై ఓట్లు అటు మారి ఉంటే విడుదలయ్యేవాణ్ణి అని సోక్రటీసే అన్నట్టు ప్లేటో రాశాడు. దాన్ని పట్టుకుని నేను జరగని సంగతులు చెప్పే ఇంగ్లిషు వాక్యాలు నేర్పుదామని సిద్ధపడి వచ్చాను. గుమాస్తా అప్పటికే కాగితం మీద వేసేశాడు. నేరస్థుడన్నవాళ్ళు 280, కాదన్నవాళ్ళు 221. ముప్పై మంది మారితే 250కి 251. ‘ఒక్క ఓటుతో బయటపడేవాడండీ!’ అని నిజంగానే బాధపడ్డాడు.

రెండో ఓటు ఆయనను ఇంకా కలవరపెట్టింది. శిక్ష ఎంతో తేల్చడానికి మళ్ళీ ఓటు వేస్తారు, ముద్దాయి తనకు తగ్గ శిక్ష తానే ప్రతిపాదించాలి. సోక్రటీసు, నేను నగరానికి చేసిన మేలుకు ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు ప్రభుత్వ భోజనశాలలో జీవితాంతం అన్నం పెట్టాలి అన్నాడు. తర్వాత, సరే, ఒక మీనా జరిమానా కట్టగలను అన్నాడు. ప్లేటో, మిత్రుడు క్రిటో మొదలైనవాళ్ళు హామీ ఉంటామంటే ముప్పై మీనాలకు పెంచాడు. డయొజెనీస్ లయెర్షియస్ అనే ప్రాచీన రచయిత లెక్క ప్రకారం మొదటి ఓటు కన్నా ఎనభై మంది ఎక్కువగా మరణశిక్షకు ఓటేశారు. అంటే నేరం చేయలేదని కాసేపటి క్రితం చెప్పినవాళ్ళే చంపమన్నారు. బేరం చేయడం తెలియని మనిషి అని గుమాస్తా తీర్పు. తెలిసే చేయలేదని మాస్టారి తీర్పు.

మేస్త్రి ఇంకొకటి అడిగాడు. ముప్పై మీనాలంటే ఎంత, రోజు కూలి లెక్కలో చెప్పండి. నా దగ్గర జవాబు లేక కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. ఒక మీనాకు నూరు ద్రాక్మాలు. ఏథెన్స్‌లో ఎరెక్థియన్ గుడి కట్టినప్పటి ఖర్చుల పద్దులు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి, పనితనమున్న మేస్త్రికి రోజుకు ఒక ద్రాక్మా. పౌరుడైనా, పరాయి ఊరి నుంచి వచ్చి స్థిరపడ్డవాడైనా, బానిసైనా కూలి అదే. తీర్పు చెప్పడానికి కూర్చున్నవాళ్ళకు అందులో సగం, మూడు ఒబోల్‌లు. కాబట్టి ముప్పై మీనాలంటే మూడు వేల రోజుల కూలి. సోక్రటీసు తండ్రి కూడా రాతి పనివాడేనని చెప్పాను. మేస్త్రికి అది పట్టలేదు. బానిస కూలి ఎవరి చేతికి వెళ్ళేదని అడిగాడు. యజమాని చేతికి. ‘మరి సమానమంటారేమిటండీ’ అన్నాడు. మస్కట్ ఏజెంటుకు అప్పటికే అప్పు చేసి కట్టి ఉన్నాడు.

చీటీలు వేసి మేము కూడా ఓటు పెట్టుకున్నాం. అందరూ విడుదల చేస్తారనుకున్నాను. నేరస్థుడేనని రాసింది మాస్టారు, దాచుకోకుండా చెప్పారు కూడా. పెద్దమనుషులను నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలతో అవమానిస్తుంటే కుర్రాళ్ళు చుట్టూ చేరి నవ్వారు, అదే నేర్చుకుని ఇళ్ళకు పోయి తండ్రుల మీద ప్రయోగించారు, ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, ఇది చిన్న సంగతి కాదని నాకు తెలుసు అన్నారు. శిక్ష మాత్రం వద్దన్నారు. నేను అప్పటి రాజకీయాలు చెప్పాను. ఐదేళ్ళ ముందు, క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టా చేతిలో ఓడింది. ముప్పై మంది నిరంకుశులు అధికారం పట్టి పౌరులను చంపించారు, వాళ్ళ నాయకుడు క్రిటియస్ ఒకప్పుడు సోక్రటీసు వెంట తిరిగినవాడు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక పాత రాజకీయ నేరాల మీద కేసులు పెట్టకూడదని క్షమాభిక్ష ప్రకటించారు, అందుకే ఆరోపణ దేవుళ్ళ పేరు మీద వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ‘అయితే నా చీటీ ఇంకా గట్టిదైంది’ అన్నారు మాస్టారు. ఐదువందల ఒక్కరిలో ఆడవాళ్ళు ఎంతమంది అని సిస్టర్ అడిగింది. ఒక్కరూ లేరు. ఆవిడ తన చీటీ మీద ఏం రాసిందో చెప్పలేదు.

విషం తాగే ఘట్టం మాకు సిస్టరే చెప్పింది. ఇంగ్లిషు నేను చదివాను, పాఠం ఆవిడది. గిన్నె తాగి, కాళ్ళు బరువెక్కేదాకా అటూ ఇటూ నడిచి, వెల్లకిలా పడుకున్నాక, విషం ఇచ్చిన మనిషి పాదం గట్టిగా నొక్కి తెలుస్తోందా అని అడుగుతాడు. లేదంటాడు సోక్రటీసు. తర్వాత పిక్కలు, ఇంకా పైకి. ‘డ్యూటీ తెలిసినవాడు’ అంది సిస్టర్ ఆ విషం ఇచ్చినవాణ్ణి మెచ్చుకుంటూ. పొలాల నుంచి పాము కాటు కేసులు వాళ్ళ వార్డుకు ఎన్నో వచ్చేవి. తాచు కాటైనా కట్లపాము కాటైనా ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, పై నుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ కింది నుంచి పైకి ఎక్కుతోంది. హెమ్లాక్ మొక్క విషం అంతే చేస్తుందని, కండరాలు పడిపోతాయిగానీ తెలివి చివరిదాకా ఉంటుందని, ఊపిరి తీసే కండరాలు ఆగినప్పుడు ప్రాణం పోతుందని తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఆవిడ చదవకుండానే చెప్పింది. ‘చివరిదాకా మాట్లాడాడంటే నమ్మవచ్చు. మాట ఆఖరున పోతుంది’ అంది. వైద్య దేవుడు అస్క్లీపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, మరవకుండా ఇవ్వు అని క్రిటోతో అన్న చివరి మాట మీద పండితులు పుస్తకాలు రాశారు. సిస్టర్‌కు అందులో గూఢార్థమేదీ కనిపించలేదు. పోయేముందు అప్పులు గుర్తు చేసుకునేవాళ్ళను ఆవిడ చాలామందిని చూసింది.

ప్లేటో గుహ మాకు అంతగా పట్టుబడలేదు. గోడ మీద నీడలు చూస్తూ బందీలుగా కూర్చున్నవాళ్ళ కథ వినగానే అందరూ మాయ అనేసి ఊరుకున్నారు. తెలిసిన జవాబు ఉన్న పాఠానికి ఎవరూ కష్టపడరు. కుర్రాళ్ళలో ఒకడు మాత్రం, ఆ బందీలకు అన్నం ఎవరు పెట్టేవారని అడిగాడు. అది ప్లేటో చెప్పలేదు.

అరిస్టాటిల్‌కు అన్యాయమే జరిగింది. వ్యాసం చివర పుటన్నర ఆయనకు మిగిలింది, మాకు ఆ మేడ మీద కొద్ది రోజులు మిగిలాయి. ఇంటి యజమాని ఆ గదిని కంప్యూటర్లు నేర్పేవాళ్ళకు ఎక్కువ అద్దెకు ఇచ్చేశాడు. స్టాగిరాలో పుట్టాడు, ఇరవై ఏళ్ళు ప్లేటో దగ్గర ఉన్నాడు, అలెగ్జాండర్‌కు పాఠాలు చెప్పాడు, ఏథెన్స్‌కు తిరిగొచ్చి లైసియం అనే బడి పెట్టాడు అని పరుగెత్తించాను. ఆడవాళ్ళకు పళ్ళు మగవాళ్ళకన్నా తక్కువని ఆయన రాశాడన్న దగ్గర సిస్టర్ పాఠం ఆపించింది. అన్నీ కళ్ళతో చూసి రాశాడని పై పేరాలో అన్నారు కదా అని అడిగింది. నిజమే, సముద్ర జీవుల గురించి ఆయన రాసినవాటిలో కొన్ని సంగతులు వందల ఏళ్ళ తర్వాత గానీ సరైనవని తేలలేదు. పళ్ళు మాత్రం లెక్కపెట్టలేదు.

తర్వాత ఎవరి దారి వాళ్ళది. నాకు వేరే జిల్లాలో జూనియర్ కాలేజీలో పని దొరికింది. కుర్రాళ్ళలో ఇద్దరు బ్యాంకుల్లో చేరారు. మాస్టారు కొన్నేళ్ళకు కాలం చేశారని ఆలస్యంగా తెలిసింది. మేస్త్రి మస్కట్ వెళ్ళి, అక్కడి నుంచి నాకు ఇంగ్లిషులో ఉత్తరాలు రాశాడు, తప్పులు దిద్ది వెనక్కి పంపమని షరతు. మొదటి ఉత్తరంలో ఒక ప్రశ్న ఉంది. ప్లేటో కట్టిన బడి ఎన్నేళ్ళు నిలబడింది?

దానికి పెద్ద జవాబే రాశాను. ప్లేటో కట్టించిన కట్టడమంటూ చెప్పుకోదగ్గది లేదు, అది ఏథెన్స్ గోడల బయట అకాడెమస్ అనే వీరుడి పేరున్న తోపు. క్రీ.పూ. 387 ప్రాంతంలో ప్లేటో అక్కడ పాఠాలు మొదలుపెట్టాడు. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ను ముట్టడించినప్పుడు యుద్ధ యంత్రాల కోసం ఆ చెట్లు నరికించాడు. బడి మూతపడ్డా ప్లేటో పాఠాలు ఏథెన్స్‌లో మళ్ళీ మొదలయ్యాయి. క్రీ.శ. 529లో చక్రవర్తి జస్టీనియన్ ఏథెన్స్‌లో తత్త్వం చెప్పకూడదని ఆపించాడు. ఏడుగురు తత్త్వవేత్తలు పొట్ట చేతపట్టుకుని పర్షియా రాజు ఖుస్రో దగ్గరకు వలస పోయారు, అక్కడ ఇమడలేకపోయారు. 532లో రెండు రాజ్యాల మధ్య జరిగిన సంధిలో వీళ్ళు తిరిగి వెళ్ళి ఎవరి నమ్మకాలతో వాళ్ళు బతకవచ్చని ఖుస్రో ఒక షరతు పెట్టించాడు.

రెండో ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. రెండు నెలలుగా జీతం రాలేదనీ, పనిచేయించుకుంటున్నవాళ్ళకు అర్జీ రాశాననీ, పంపేముందు చూడమనీ ఉంది. అర్జీ విడి కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో ఉంది. అందులో వేడుకోలు లేదు, ఫిర్యాదు లేదు, మూడు ప్రశ్నలున్నాయి. ఒప్పందం ప్రకారం జీతం ఏ తేదీన ఇవ్వాలి? నేను ఎన్ని రోజులు పనిచేసినట్టు మీ పుస్తకంలో ఉంది? ఆ రోజులకు నాకు ఎంత ముట్టినట్టు రాసుకున్నారు? క్రియాపదం ఒకటి సరిచేసి, మిగతాది ముట్టుకోకుండా వెనక్కి పంపాను. ఒక నెల జీతం వచ్చిందని మూడో ఉత్తరంలో రాశాడు. రెండోది ఇంకా రావాలట.